సున్నా నంబరు

గుంతకల్లు స్టేషన్ ఎదురు సందులో మా సెంటరు.
కంప్యూటరు ఒకటే. దానికి రంధ్రాలు ఆరు.
ఒకదాంట్లో టీ ఒలికింది, ఎవరిదో పెళ్ళికార్డు కొడుతున్న రోజు.
ఇంకొకదాని నాలుక విరిగింది.
మిగిలిన నాలుగింటికీ తోపులాటే:
కీబోర్డు, మౌసు, ప్రింటరు,
కంటి కెమెరా, వేలిముద్రల మిషను.
ఆపైన
"అబ్బీ, రవ్వంత చార్జింగు పెట్టుకుంటా" అని
వయరు చేతికి చుట్టుకొని వచ్చే రైలు దిగిన మనుషులు.

నూట ఇరవై ఏడు పడతాయంట మామా, అన్నా ఒకనాడు.
తిక్కస్వామి నవ్వినాడు.
రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషి,
వైరు మాట ఎత్తితే ఊరుకోడు.
"ప్లాట్‌ఫారాలు ఎన్నో బండ్లు అన్నే.
మిగతావి ఔటర్లో కూతేసుకోవాల్సిందే."

ప్లాట్‌ఫారం కాదు మామా, పేరు.
ఏడు గళ్ళు. ఒక్కో గడిలో సున్నానో ఒకటో.
ఎన్ని రకాలుగా నింపితే అన్ని పేర్లు,
నూట ఇరవై ఎనిమిది.
అందులో అన్నీ సున్నాలుండే పేరు మాత్రం
ఎవరికీ సొంతం కాదు.
కొత్తగా తగులుకున్న ప్రతిదీ
ముందు ఆ పేరుతోనే వస్తుంది.
ఎవరు నువ్వు, అంటుంది కంప్యూటరు.
చెప్పుకుంటుంది.
నంబరు తీసుకొని పక్కకు జరుగుతుంది.
"రన్నింగ్ రూములో వాకిలి పక్క మంచం అను," అన్నాడు మామ.
"ఎవడూ నిలకడగా పండుకోడు దానిమీద."

పందెం రెండు ప్లేట్ల ఉగ్గాని, నాలుగు బజ్జీలు.

ఆదివారం సంచి పట్టుకొని బయల్దేరినా.
సెల్ షాపు హొన్నూర్‌వలి పన్నెండు పాత మౌసులిచ్చినాడు,
రెండింటికి తోకలు లేవు.
టైపు నేర్పే ఫాతిమున్నీసా మేడం
ఎనిమిది కీబోర్డులు కట్టగట్టి
చీటీ మీద సంతకం పెట్టించుకునింది.
స్టూడియోలో నాలుగు కార్డు రీడర్లు.
ఇన్సూరెన్సు ఓబులేసు ఒక పెన్ డ్రైవు ఇచ్చి
తెరిచి చూడనని ఒట్టేయించుకున్నాడు.
(చూడలేదు. ఇప్పటికీ నిద్ర పట్టదు.)
హబ్బులు ఆరు, బళ్ళారి నుంచి, అరువుకు.

హబ్బుకు హబ్బు తగిలించుకుంటూ పోయినా.
ఆరోది పలకలేదు. గొలుసుకు అయిదే.
"అయిదు గేట్లు దాటితే కేక వినపడదులే."
టింగ్. టింగ్.
దారి చూపే హబ్బు కూడా ఒక నంబరు తినేస్తుంది,
గార్డుకూ సీటు కావాల కదా.
మామ గోడమీద సుద్దతో గీతలు గీస్తున్నాడు.
పది మౌసులు, బాణం ఒక్కటే.
నేనొక పక్కకు, మామ ఒక పక్కకు లాగితే
అది తెరమీద వణికింది, ఎటూ పోలేదు.
ఇద్దరం చానాసేపు ఆ ఆటే ఆడినాం,
లెక్క మరిచిపోయి.

ఎవరూ అడక్కుండా నోరు తెరవవు ఇవి.
కంప్యూటరు వరసగా తట్టుకుంటూ పోతుంది:
నీ దగ్గర ఏమన్నా ఉందా? లేదు.
నీ దగ్గర? లేదు.
రెప్పపాటులో ఎన్ని వందల సార్లో.
ఇంత ఓపిక ఏ ఆఫీసులోనూ చూడలేదు నేను.

ముప్పై ఒకటి దాకా టింగుమనింది.
ముప్పై రెండోది కంటి కెమెరా.
తెరమీద ఒక ఇంగ్లీషు ముక్క:
ఇంక చోటు లేదు.
పేర్లు ఇంకా తొంభై ఆరు మిగిలే ఉన్నాయి.
పేరుంటే చాలదు,
వినడానికి అవతల తీరిక కూడా ఉండాల.

నూట ఇరవై ఏడు కాలేదు, నేను ఓడినా.
నాలుగు రంధ్రాలకు ముప్పై ఒకటి, మామా ఓడినాడు.
బజ్జీల డబ్బులు చెరిసగం.

సోమవారానికి ఎవరివి వాళ్ళకు చేరినాయి.
గోడమీద గీతలు మిగిలినాయి.
తొమ్మిదికే సుంకులమ్మ వచ్చింది, పింఛన్‌కు.
ఎవరమ్మా నువ్వు, అన్నా తలెత్తకుండానే.
చెప్పుకునింది: ఊరు, మొగుని పేరు, కార్డు నంబరు.
నాలుగో రంధ్రంలో కెమెరా ఉంది,
దాన్ని పీకుదామని చెయ్యి పెడితే
మౌసు ఊడొచ్చింది.
సరేలే అని అక్కడే ఆమె వేలికి చోటిచ్చినా.

ఆమె వేలు చీరకు తుడుచుకుంటోంది.
బాణం తెర నడిమధ్య నిలబడిపోయింది,
ఔటర్లో బండి మాదిరి.